నల్ల సారె

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. గోదావరి మీద ఒట్టేసి చెబుదామనుకున్నాను గానీ, ఆ తల్లి మీద నేనిదివరకు వేసిన ఒట్లకే ఆవిడ అన్నిసార్లు పొంగి ఉంటుందని మా ఆవిడ అనుమానం. అందుకని మా అమ్మ నలభయ్యేళ్ళు వాడిన ఇత్తడి కాఫీ ఫిల్టరు వంటింట్లోంచి తెచ్చి బల్ల మీద పెట్టుకుని, ఎడమచెయ్యి దాని మీద వేసి, కుడిచేత్తో రాస్తున్నాను. ఇంతకంటే పెద్ద ప్రమాణం మా ఇంట్లో లేదు.

పోయిన వారం ఫిన్లాండ్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది తెల్లమ్మాయే గానీ ఉత్తరం తెలుగులో ఉంది. ఒకప్పుడు మా ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పిన అమ్మాయి. అక్షరాలు దిద్దించింది మా అమ్మ. 'మాస్టారుగారికి నమస్కారం. మా నాన్న పోయారు. ఎనభై నాలుగేళ్ళు. శనివారం ఆవిరిస్నానం చేసి, మీ నాన్నగారి పంచె కట్టుకుని, కాఫీ తాగి పడుకున్నారు. ఆదివారం లేవలేదు.'

అంతదాకా చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. వసారాలో అటూ ఇటూ తిరిగాను.

"ఏంటండీ, కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతున్నారు?" అంది మా ఆవిడ.

"పెద్దాయన పోయారట."

"అయ్యో! ఎంత మంచి మనిషండీ. నోరు విప్పకుండా ఇంటిల్లిపాదినీ తనవైపు తిప్పేసుకున్నారు."

"అదే మరి," అన్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ముందుగా వాళ్ళ మంచితనం రాయాలి. నేను నా కుళ్ళుతో మొదలుపెడతాను. ఆయనంటే నాకు అసూయ. ఇరవై ఒక్క రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఆ ఇరవై ఒక్క రోజుల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మ తన మనసులో మాట ఆయనకి చెప్పింది. కన్న కొడుకుని, పక్క గదిలో ఉన్నవాణ్ణి, నాకు చెప్పలేదు. ఆరేళ్ళ కిందట అమ్మ పోయింది. ఆ మాట మాత్రం ఇన్నాళ్ళూ ఆ మంచుదేశంలో ఆయన దగ్గర భద్రంగా ఉందని నా లెక్క. ఇప్పుడు ఆయనా లేరు.

ఆ అమ్మాయి సంగతి ముందు చెప్పాలి. తొంభైల చివరి మాట. నిడదవోలుకి కాస్త దూరంలో కాలవ గట్టు మీద ఊరు మాది. ఊళ్ళో హైస్కూలుకి నేను ఇంగ్లీషు మాస్టారిని. పదో తరగతి ఇంగ్లీషు పధ్నాలుగేళ్ళుగా నాది. సాయంత్రమైతే మా అరుగు నాది. కిరాణా కొట్టాయన, డ్రిల్లు మాస్టారు, పనిలేనివాళ్ళూ, పని ఉండి ఎగ్గొట్టినవాళ్ళూ చేరేవారు. లాకుల దగ్గర మా తాత ఒక మొసలికి పెరుగన్నం అలవాటు చేసిన కథ నేను చెబుతుంటే, ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగినా లేచేవారు కాదు. లోపల వంటింటి గడప దగ్గర మా అమ్మ వింటూ ఉండేది. వందసార్లు విన్న చోటే మళ్ళీ నవ్వేది. నాకు అసలు శ్రోత ఆవిడే. మిగతావాళ్ళు వస్తూ పోతూ ఉంటారు.

అలాంటి రోజుల్లో ఏదో స్వచ్ఛంద సంస్థ తరఫున రెండేళ్ళు పాఠాలు చెప్పడానికి ఆ అమ్మాయి మా స్కూలుకి వచ్చింది. హెడ్మాస్టరుగారు ఆవిడకి ఏ తరగతి ఇవ్వాలా అని ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. పదో తరగతి తీసి ఆవిడ చేతిలో పెట్టి, నన్ను ఆరో తరగతికి దింపారు. పైగా, "మీ మేడ మీద గది ఖాళీగానే ఉంది కదండీ మాస్టారూ," అని ఆవిణ్ణి మా ఇంటికే తోలారు. నా పాఠం పట్టుకుపోయిన మనిషికి పొద్దున్నే నేనే వేణ్ణీళ్ళ బకెట్టు మేడ మీదికి మోయడం! టీచరమ్మ ఆర్నెల్లలో తెలుగు పట్టేసింది. మా అమ్మని పిన్నిగారూ అనేది. అమ్మ ఆవిడకి జడ వేసేది, ఆవకాయ కలిపి ముద్దలు పెట్టేది.

రెండో ఏడు మాఘమాసంలో వాళ్ళ నాన్న వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. టీచరమ్మ మొహంలో సంతోషం కంటే కంగారు ఎక్కువ కనబడింది.

"మా ఇంట్లో మాటలు తక్కువ మాస్టారూ," అంది. తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లోనూ మా అమ్మ దగ్గరా కాబట్టి సగం అచ్చు, సగం వంటిల్లు. "అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న ఆవులు పెంచుతారు. ఆయన నన్ను ఏమీ అడగరు, నేనూ ఏమీ అడగను. ఇక్కడికి వస్తానన్నప్పుడు వెళ్ళమనలేదు, వద్దనలేదు. ఇప్పుడేమో వస్తాను అని ఒక్క ముక్క రాశారు. ఆయనకి నేనేం మర్యాద చెయ్యాలి?"

అక్కడ నా బుర్రలో పురుగు కదిలింది.

"మీరు చెయ్యడం కాదమ్మా, ఆయనే చెయ్యాలి. సారె సంగతి రాశారా మరి?"

సారె ఆవిడకి తెలుసు. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు సున్నుండలు, కాజాలు, పూతరేకులు, చలిమిడి కావిళ్ళకెత్తి పంపుతారు. అవి వీధంతా పంచాలి. సున్నుండ ఎంత లావుంది, కాజాలో పాకం ఎంత పట్టింది అన్నదాన్నిబట్టి ఆ పిల్ల పుట్టింటి పరువు నిలుస్తుంది. మా వీధిలో రెండిళ్ళ కోడళ్ళ సారె టీచరమ్మ కూడా తిని ఉంది.

"అది పెళ్ళయినవాళ్ళకి కదా?" అంది.

"పెళ్ళయినవాళ్ళ మాట వేరు. ఉద్యోగానికి దూరదేశం వచ్చిన పిల్ల దగ్గరికి తండ్రి మొట్టమొదటిసారి వస్తే తప్పదు. ఒక్క గడప కూడా వదలకూడదు. ఖాళీ చేతుల్తో దిగాడా, ఇక..." అని ఆపి, నిట్టూర్చి, ఆకాశం చూశాను. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే కథ చెప్పగలడు.

నా ఎత్తు దాచను. ఆ రాయిలాంటి మనిషి సారె తేడు. ఈవిడకి తలకొట్టేసినట్టవుతుంది. ఆ సిగ్గుతో తండ్రి వెంటే విమానం ఎక్కేస్తుంది. నా పదో తరగతి నాకొచ్చేస్తుంది. అంతే. ఆవిడ మాత్రం ఆ సాయంత్రమే నోటుబుక్కు పట్టుకుని వీధి ఈ కొసనుంచి ఆ కొసకి నడిచింది. నలభై రెండు గడపలు. ఇంటి నంబర్లన్నీ వరసగా రాసి తండ్రికి పంపింది.

ఆయన మద్రాసులో విమానం దిగి రైలెక్కి నిడదవోలు వచ్చారు. స్టేషనుకి హెడ్మాస్టరుగారు, స్టాఫు, రెండు బంతిపూల దండలు, నేను. నా చేతిలో నాలుగు పేజీల స్వాగతోపన్యాసం, ఇంగ్లీషులో. పదో తరగతి పోయినా ఇంగ్లీషు ఎక్కడికీ పోలేదని ఊరికి చూపించాల్సిన అవసరం నాకుంది. నాలుగు రోజులు కూర్చుని రాశాను.

రైల్లోంచి ముందు బూట్లు దిగాయి, మోకాళ్ళదాకా. తర్వాత ఉన్ని కోటు. ఆ తర్వాత ఆయన దిగడం చాలాసేపు పట్టింది. ఆరున్నర అడుగుల మనిషి. రెండు చేతుల్లో రెండు పెద్ద పెట్టెలు. కూలీని ముట్టుకోనివ్వలేదు. తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన ఒక పెట్టె కింద పెట్టి, కూతురి భుజం మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ పెట్టె ఎత్తుకున్నారు. అంతే పలకరింపు.

నేను గొంతు సవరించుకుని అందుకున్నాను. మొదటి పేజీ అయ్యేసరికి ఆయన ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చి, "యో," అన్నారు. నా ఇంగ్లీషుకి ఒళ్ళు జలదరించింది కాబోలనుకున్నాను. రెండో పేజీ చివర మళ్ళీ ఊపిరి పీల్చి, "యో." హెడ్మాస్టరుగారు నా చెవిలో, "పాపం ఆయనకి ఉబ్బసంలా ఉందండీ, తొందరగా కానిద్దురూ," అన్నారు.

"ఉబ్బసం కాదండీ," అంది టీచరమ్మ మెల్లిగా. "యో అంటే అవును అని. మా వైపు ఊపిరి పీలుస్తూ అంటాం. మాస్టారూ, మా నాన్నకి ఇంగ్లీషు రాదు."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"మీరు నాలుగు రోజులు కష్టపడి రాశారు కదా."

డ్రిల్లు మాస్టారు దండ పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే, "అదేంటండీ, తెల్లాయనకి ఇంగ్లీషు రాకపోడమేంటి? మనవాడి ఇంగ్లీషే ఆయనకి అంది ఉండదు," అన్నాడు. మేం ఊళ్ళో కారు దిగేసరికి ఆ మాట మాకంటే ముందు దిగి అరుగు మీద కూర్చుని ఉంది.

హాల్లో పెట్టెలు తెరిచారు. రెండు పెట్టెల నిండా పొట్లాలు. నీలం కాగితం చుట్టి, పురికొస కట్టి, ఒక్కోదాని మీద పెన్సిలుతో ఇంటి నంబరు. నలభై రెండు. చొక్కా లేదు, తువ్వాలు లేదు, దువ్వెన లేదు. టీచరమ్మ వాళ్ళ భాషలో ఏదో అడిగింది. ఆయన నాలుగు మాటల్లో చెప్పారు. ఆ పిల్ల ఒక పొట్లం చేతిలోకి తీసుకుని, మాకేసి తిరిగింది.

"నీ బట్టలేవి నాన్నా అని అడిగాను. ఇరవై కిలోలే తెచ్చుకోనిస్తారట. తూచుకుంటే సారె సరిగ్గా ఇరవై అయిందట."

మా అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి తీసి నావైపు తిరిగింది.

"ఒరేయ్, సారె తేవాలని ఈ పిల్లకి ఎవరు చెప్పారు?"

"ఫ్యాను రెక్కలు తుడిపించాలమ్మా, చూడు ఎంత దుమ్ముందో," అన్నాను.

అమ్మ మళ్ళీ అడగలేదు. ఆయన స్నానం చేసి వస్తే కట్టుకోవడానికి ఏదీ లేదు. మా ఊరి బజార్లో దొరికే చొక్కా ఆయనకి మోచేతులదాకా వస్తుంది, ప్యాంటు మోకాళ్ళదాకా. అమ్మ లోపలికి వెళ్ళి మా నాన్న ట్రంకుపెట్టె తెరిచింది. నాన్న పోయిన నాలుగేళ్ళలో ఆ పెట్టె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒకసారి బంధువుల పెళ్ళికి అందులోంచి జరీపంచె ఒకటి అడిగితే, "అలా ఉండనీరా," అంది నాతో. ఇప్పుడు కలరా ఉండల వాసన గుప్పుమంటూ అరడజను పంచెలు బయటికొచ్చాయి. అక్కడితోనూ ఆగలేదు.

"ఆయనకి కట్టుకోడం తెలీదు కదా. నువ్వు కట్టరా," అంది.

మా నాన్న పంచె ఆయన నడుముకి నేను కట్టాను. కుచ్చిళ్ళు పోస్తుంటే పైనుంచి ఆయన నన్ను చూస్తూ ఉన్నారు. ముడి బిగించాక, "యో," అన్నారు.

సారె పంచడానికి అమ్మ ముందు నడిచింది, కుంకుమ భరిణె పట్టుకుని. వెనక పళ్ళెంతో టీచరమ్మ. ఆ వెనక పంచె, బూట్లు, ఉన్ని కోటు, పైన నాన్న ఉత్తరీయంతో ఆయన. ప్రతి గడప దగ్గరా ఆగి, తలుపు మీది నంబరు చూసి, పొట్లం మీది నంబరు చూసి, రెండు చేతులతో ఇచ్చేవారు. జనం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. పొట్లాల్లో నల్లటి బిళ్ళలు. వాళ్ళ దేశంలో అంతకంటే ఇష్టంగా తినే మిఠాయి లేదట. నోట్లో వేసుకోగానే ఉప్పు. ఉప్పు కరిగాక అతిమధురం. ఆ రుచి నాలుకకి తెలిసేలోపు, పాత్రలకి కళాయి పోసేవాడి దగ్గర వచ్చే నవాసారం ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంది.

ముందుగా నోట్లో వేసుకున్నది ఎదురింటి సత్యవతిగారు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆవిడ ఉమ్మేస్తుందనీ, నా పథకం అక్కడితో పండుతుందనీ చూస్తున్నాను. కానీ సారె తెచ్చిన తండ్రి ఎదురుగా నిలబడి ఉన్నాడాయె. పెట్టిన చేతిముందు బాగాలేదన్న మాట మా గోదావరి వాళ్ళ నోట రాదు.

"అద్భుతంగా ఉందండీ అన్నయ్యగారూ. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది తినలేదండీ," అంది. రెండో మాట మాత్రం నిజం.

టీచరమ్మ ఆ మాట చెప్పగానే ఆయన తన జేబులోంచి, అంటే కోటు జేబులోంచి, సొంతానికి తెచ్చుకున్న బిళ్ళ ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు. ఆవిడ అదీ తింది. ఇక ఆ రోజునుంచీ సాయంత్రం ఐదింటికి ఆయన వీధి దాటి వెళ్ళి సత్యవతిగారికి ఒక బిళ్ళ ఇచ్చి, ఆవిడ తినేదాకా నిలబడి, వచ్చేవారు. మూడో వారానికి నాలుగున్నరకే ఆవిడ గుమ్మంలోకొచ్చి, "ఏంటోనండీ, ఇవాళింకా రాలేదు," అనడం నా చెవులారా విన్నాను.

మర్నాడు నేను ఊరికే ఉండకుండా ఇంటింటికీ వెళ్ళి, "సారె ఎలా ఉందండీ?" అని అడిగాను. ఒక్కడైనా మొహం చిట్లిస్తాడేమోనని ఆశ. కిరాణా కొట్టాయన గల్లాపెట్టె దగ్గర బుగ్గన బిళ్ళ పెట్టుకుని కూర్చున్నాడు. "నాకు నెల్రోజుల దగ్గు తగ్గిపోయిందండీ మాస్టారూ. ఇంకోటి ఇప్పిస్తారేటండీ?" అన్నాడు.

ఆయన్ని తల్చుకుంటే ముందు కనబడేది సాసరు. పటికబెల్లం ముక్క పళ్ళమధ్య పెట్టుకుని, కాఫీ సాసర్లో పోసుకుని, దానిలోంచి జుర్రుకునేవారు. మా నాన్న పడక్కుర్చీలో కూర్చుని. అదీ అమ్మే బయట వేయించింది. పొద్దుట్నించి సాయంత్రానికి ఎనిమిది కాఫీలు. నేను రెండోది అడిగితే, "ఎన్నిసార్లురా ఈ కాఫీలు," అనే మనిషి, ఆయనకోసం మధ్యాహ్నం మూడింటికి కొత్తగా గింజలు వేయించేది. ఆ వాసనకి నిద్ర లేచి వెళ్ళేవాణ్ణి. డికాషను ఆయనకే సరిపోయేది.

ఆ తర్వాత అరుగు పోయింది. ఒక సాయంత్రం మొసలి నోరు తెరిచింది, పెరుగన్నం ముద్ద మా తాత చేతిలో ఉంది, చూద్దును కదా వినేవాళ్ళు లేరు. అందరూ పడక్కుర్చీ చుట్టూ ఉన్నారు. కిరాణా కొట్టాయన తన తమ్ముడితో వచ్చిన తగువు ఆయనకి తెలుగులో, మొదటినుంచీ చెప్పుకుంటున్నాడు. ఆయన మధ్యమధ్య ఊపిరి పీలుస్తూ "యో" అంటున్నారు.

"ఆయనకేం అర్థమవుతుందనండీ చెప్తున్నారు?" అన్నాను ఉండబట్టలేక.

"అర్థం కాకపోతేనేమండీ," అన్నాడు కొట్టాయన. "మద్దెలో ఆపి తన కథ ఎత్తుకోరు కదండీ."

నాకు మండిపోయింది. మర్నాడు టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మొసలి కథ పూర్తిగా ఆయనకే చెప్పాను. ఆవిడ ముక్కముక్కా వాళ్ళ భాషలో చెప్పింది. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. అంతా విని ఒక్క ప్రశ్న వేశారు. ఆవిడ తెలుగులోకి మార్చింది. "ఆ పెరుగు ఆవుదా, గేదెదా అని అడుగుతున్నారు."

అన్నేళ్ళుగా ఆ కథ చెబుతున్నాను. ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నాకూ ఎన్నడూ తోచలేదు. "గేదెది," అన్నాను. "యో," అన్నారు, మొసలికి అదే మంచిదన్నట్టు. అప్పటినుంచీ ఆ కథలో పెరుగు గేదెదే. నా కథలో కూడా ఆయన చెయ్యి పడింది.

ఇక ఆ మధ్యాహ్నం. స్కూలుకి సెలవు. మా ఆవిడ పుట్టింటికి తుని వెళ్ళింది. టీచరమ్మ మేడ మీద పేపర్లు దిద్దుకుంటోంది. పెరట్లో నూతి చప్టా మీద అమ్మ కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. పక్కన పీట మీద ఆయన, చిన్న చాకుతో నూతి గిలక్కి కొత్త చెక్క చెక్కుతున్నారు. వంటింటి కిటికీ వెనక నేను. అమ్మ తల వంచుకుని మాట్లాడుతోంది. ఆగడం లేదు. మా అమ్మ అంతసేపు మాట్లాడటం నేను పుట్టాక అదే చూడటం.

"ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదన్నయ్యగారూ," అంటోంది. "పలకరించడానికి ఎవరొచ్చినా మావాడు కథలు చెప్పేవాడు. నేను ఏడుస్తానని భయం వాడికి. వాడు నొచ్చుకుంటాడని నవ్వుతూ కూచున్నాను. పదమూడు రోజులూ నవ్వాను. ఆ ఏడుపు అలాగే ఉండిపోయింది."

ఆయన చాకు ఆపారు. "యో," అన్నారు, ఊపిరి లోపలికి. ఆ ఊపిరితోపాటు అమ్మ మాట ఆయనలోకి వెళ్ళిపోవడం నాకు కిటికీలోంచి కనబడింది. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. చింతపండు చేత్తో ఒత్తుకుంటే మండుతుంది కదా, అందుకే నీళ్ళొచ్చాయని సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం అడిగాను. "ఏంటమ్మా, ఆయనకేదో చెబుతున్నావ్?"

"ఏవుందిరా. చింతపండు ఈ ఏడు పిక్క ఎక్కువుందని చెప్పాను."

తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాను, ఏడాదికి రెండుమూడుసార్లు. ఆవిడ చెప్పలేదు. "మీరు అడిగాక ఆగితే కదండీ ఆవిడ చెప్పేది," అనేది మా ఆవిడ.

ఆయన వెళ్ళేరోజు కొట్టాయన తన కాటా మా హాల్లోకే మోయించాడు. అమ్మ సున్నుండలూ కాజాలూ పూతరేకులూ నీలం కాగితాల్లోనే కట్టింది, ఆ కాగితాలు దాచి ఉంచింది కాబట్టి. నాన్న పంచెలు రెండు అడుగున పెట్టింది. సరిగ్గా ఇరవై. టీచరమ్మ ఆ పెట్టె మూత వేస్తూ నాతో అంది. "మీకు నేను రుణపడి ఉన్నాను మాస్టారూ. నా జన్మలో నాన్నని ఏమీ అడగలేదు. మీరు చెప్పబట్టి సారె అడిగాను." నాకు ఫ్యాను వైపు చూడాలనిపించింది గానీ, అప్పటికి రెక్కలు తుడిపించేశాం.

నిడదవోలు ప్లాట్‌ఫారం మీద ఈసారి ఉపన్యాసం లేదు. రైలు వస్తుండగా ఆయనే నావైపు వంగి, ఆ మూడు వారాల్లో నేను విన్న అతి పొడుగైన మాట మాట్లాడారు. టీచరమ్మ మొహం ఎర్రబడింది.

"సారె సంగతి మీరు కల్పించినదేనని నాన్నకి మొదటి రోజే తెలిసిందట. ఎదురుచూసేవాళ్ళు ఆశ్చర్యపోరు కదా, నలభై రెండు గుమ్మాల్లోనూ ఆశ్చర్యపోయారు అంటున్నారు. కల్పించినందుకు చాలా థాంక్స్ అంటున్నారు."

ఏదో ఒకటి అనాలి. నా అంతటి వాడికి ఒక్క ముక్క దొరకలేదు. రైలు కదిలాక దొరికింది.

ఏప్రిల్లో టీచరమ్మ కూడా వెళ్ళిపోయింది. పదో తరగతి నాకొచ్చింది. అరుగూ వచ్చింది. సత్యవతిగారు మాత్రం కొన్నాళ్ళు ఐదింటికి గుమ్మంలో నిలబడేది.

ఆ రోజు మడిచి జేబులో పెట్టుకున్న ఉత్తరంలో ఇంకా నాలుగు వరసలున్నాయి. నిన్న చదివాను. 'పిన్నిగారు ఆ రోజు మీకేం చెప్పారు నాన్నా అని ఒకసారి అడిగాను. అది ఆవిడ మాట, నేను ఇంకొకరికి చెప్పకూడదు అన్నారు. నాన్నకి తెలుగు ఒక్క ముక్క రాదు కదా మాస్టారూ! అయినా అలాగే అన్నారు.'

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒకటుంది. ఇరవై కిలోల సారె నిజం. నలభై రెండు గడపలు నిజం. నవాసారం ఘాటు నిజం, కావాలంటే సత్యవతిగారినడగండి. కిటికీ వెనక నేను నిలబడటమూ నిజమే. కానీ పెరటిగోడ అవతల పిండిమర నడుస్తోంది. మా అమ్మ పెదవులు కదలడం తప్ప నాకేమీ వినబడలేదు. నాన్న గురించీ, నా కథల గురించీ, పదమూడు రోజుల నవ్వు గురించీ ఆవిడ చెప్పిన మాటలు నేను కల్పించినవి. కనీసం ఆ మాటల్లోనైనా నేను ఉండాలని 'మావాడు' అని నన్ను అందులో పెట్టుకున్నాను. నిజంగా ఆవిడ ఏం చెప్పిందో, అందులో అసలు నేనున్నానో లేదో తెలియదు. ఆ వాక్యాలు రాసేటప్పుడు మాత్రం ఎడమచెయ్యి ఫిల్టరు మీంచి తీసేశాను. అది మీరు గమనించాలి.

ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించి, "ఇంతకీ ఏం చెప్పి ఉంటుందంటావ్?" అని అడిగాను.

"నాకైతేనండీ, ఒకసారి అత్తయ్యగారు..." అని ఏదో చెప్పబోయింది.

సరిగ్గా అప్పుడే నాకు మొసలి కథకి ఒక కొత్త మలుపు తోచింది. మరిచిపోతానేమోనని వెంటనే చెప్పేశాను. మా ఆవిడ అంతా విని, నవ్వి, ఫిల్టరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.